రోళ్ళపాడు: కంచె లోపలి గడ్డి, కంచె బయటి చేను

వన్యప్రాణి సంరక్షణ అనగానే మనలో చాలామందికి నల్లమల, పెద్దపులి గుర్తుకు వస్తాయి. చేను గుర్తుకు రాదు. కాని చేను మారిపోవడం వల్ల ఒక పక్షికి తావు కరువైన ఉదంతం మనకు దగ్గరలోనే, నంద్యాల జిల్లా రోళ్ళపాడులో ఉంది. జంతుశాస్త్ర విద్యార్థులే కాదు, అర్థశాస్త్రం చదివే మిత్రులు కూడా దీనిని తెలుసుకోవాలని నా అభిప్రాయం.

మిడుతూరు మండలంలోని ఈ గడ్డినేలను బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 614 హెక్టార్లు. అరణ్యమన్న మాటే గాని చెట్లు తక్కువ. ఉన్నదంతా గడ్డి, గులకరాళ్ళు, అక్కడక్కడ రేగుపొదలు. పిట్ట చూడబోతే మీటరు ఎత్తు, మగది 15 కిలోల దాకా తూగుతుంది. ఇంత పెద్ద పిట్ట నేలమీదే గుడ్డు పెడుతుంది, అదీ సాధారణంగా ఒక్కటే! దాదాపు నాలుగు వారాలు పొదగాలి. ఈలోగా అది కుక్క నోట పడినా, ఎద్దు కాలికింద పడినా శ్రమంతా వృథా. కనుక కంచె కట్టి పశువులను ఆపడం సబబే. గడ్డి తిరిగి లేచింది.

అయితే గడ్డి లేచినంత మాత్రాన పిట్ట నిలుస్తుందా? బట్టమేక తిండి ఏమిటో చూడండి: మిడతలు, పురుగులు, బల్లులు, రేగుపళ్ళు, చేలో రాలిన జొన్నగింజ, వేరుశనగ. 614 హెక్టార్లలో దానికి కడుపు నిండదు. చుట్టుపక్కల మెట్టచేలన్నీ దాని మేతభూమే. పూర్వం ఆ చేలల్లో వర్షాధారంగా జొన్న, కొర్ర, కంది పండేవి. కోతలయ్యాక నేల బీడుగా ఉండేది. తరువాత కాలువ నీళ్ళు వచ్చాయి, అలగనూరు జలాశయం వచ్చింది, పత్తి వచ్చింది. మందు కొట్టిన పత్తిచేలో మిడత బతకదు. మిడత లేనిచోట బట్టమేకకేం పని? అలాగని నీళ్ళు వచ్చిన రైతును తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. కరువుసీమలో కాలువ వద్దనేవాడెవడు?

ఇంకో చిక్కు కృష్ణజింకలది. రక్షణ దొరికిన గడ్డినేలలో అవి పదుల నుంచి వందలకు పెరిగాయి. రాత్రిళ్ళు చేలమీద పడతాయి. అక్కడి రైతు ఒకాయన నాతో, “పిట్టతో మాకేం పేచీ లేదు సార్‌, అది పురుగులేరుకొని పోతాది. ఈ జింకలే, మొలకను కూడా ఉండనీవు” అన్నాడు. తెల్లవార్లూ చేనికాడ కాపలా ఉన్న మనిషికి జింక అందం గురించి మనం ఉపన్యసించడం అన్యాయం. పిట్ట పేరున పెట్టిన అభయారణ్యంలో జింక బలిసింది, నష్టం రైతుది, కోపం మాత్రం రెంటిమీదా.

ఇప్పుడు రోళ్ళపాడులో బట్టమేక కనుమరుగైందనే చెప్పాలి. 2011 నుంచి ఈ జాతి అత్యంత ప్రమాదస్థితిలో ఉన్నవాటి జాబితాలో ఉంది. దేశం మొత్తం మీద మిగిలినవి నూటయాభైకి లోపే; అందులో అధికభాగం రాజస్థాన్‌లో. జైసల్మేరు దగ్గర సామ్‌లో 2019 నుంచి పిల్లలను పెంచుతున్నారు. సంతోషమే. రేపు వాటిని దక్కనుకు కూడా పంపుదామనుకుంటే, ఏ చేలో దించుతారు? పైగా ఈ పిట్టకు ఎదుటి చూపు తక్కువ, ఒళ్ళు బరువు. అడ్డంగా కరెంటు తీగ వస్తే తప్పుకోలేదు.

నా మటుకు, మరో కంచె కంటే ముందు కావలసింది జొన్నకు గిట్టుబాటు ధర. అభయారణ్యం చుట్టూ జొన్న, కొర్ర వేసి, పురుగుమందు మానిన రైతుకు పత్తితో వచ్చే ఆదాయానికీ దీనికీ ఉన్న తేడా చెల్లించాలి. గట్ల వెంట కొంత బీడు వదిలితే దానికీ కౌలు కట్టాలి. జింకలు మేసిన చేనికి పరిహారం అదే పంటకాలంలో చేతికందాలి. మరుసటి ఏడు అందే సొమ్ముతో ఈ ఏటి అప్పు తీరదు గదా! ఆ తేడా ఎకరానికి ఎంతవుతుందో ఊరూరా తిరిగి లెక్కగట్టే పని మన అర్థశాస్త్ర శాఖ మిత్రులు ఒక వేసవి సెలవుల్లో చేపట్టవచ్చు.