పట్టణ కంపోస్టు: చెత్తను వీధిలోనే వేరుచేయవలసిన అవసరము

పట్టణములలో ఇండ్లనుండి, బజారులనుండి ప్రతిదినము వెలువడు చెత్తలో ఇంచుమించు సగము కుళ్ళి ఎరువు కాదగినదే. కూరగాయల తొక్కులు, మిగిలిన అన్నము, ఆకులు, పూలు ఇవన్నియు మొదట పొలములనుండి పోయినవే. ఇవి తిరిగి పొలమునకు చేరక, ఊరి బయట గుట్టలై, వేసవిలో తగులబడి పొగ చిమ్ముచున్నవి. వానాకాలములో వాటి మురుగు ప్రక్క చేల బావులలోనికి ఊరుచున్నది. పట్టణము అంచున భూములున్న రైతులకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

చెత్తను తగ్గించుటకు, వేరుచేయుటకు పలు పట్టణములలో వార్డుల వారీగా సంఘములు ఏర్పడి పనిచేయుచున్నవి. ఎన్ని టన్నులు ఎత్తివేసినామన్నదే వీరిలో చాలమందికి కొలత. అది చాలదు. తయారైన ఎరువును ఎరిగిన రైతు డబ్బిచ్చి కొని, మరుసటి యేడు మరల వచ్చినచో సంఘము పని సాగినట్లు. రాకున్నచో ఎక్కడో లోపమున్నట్లు.

పట్టణపు చెత్తను ఎరువుగా మార్చుట మనకు కొత్త విద్య కాదు. ఆల్బర్టు హోవర్డు ఇండోరులో రూపొందించిన పద్ధతి 1931లో గ్రంథరూపమున వెలువడినది. తరువాత బెంగుళూరులో డాక్టరు ఆచార్య గుంటలలో చెత్తను, మలమును పొరలు పొరలుగా వేసి మట్టితో కప్పు పద్ధతిని చూపెను. 1940 తరువాత అధికాహారోత్పత్తి ఉద్యమపు రోజులలో పురపాలక సంఘములు ఇట్టి గుంటలు త్రవ్వించి ఎరువును రైతులకు అమ్మినవి. ఆనాటి చెత్తయనగా దుమ్ము, బూడిద, ఆకులు, పేడ, చింకి గుడ్డలు. అందులో పాలిథీను సంచి లేదు.

1970 దశకములో పెద్ద నగరములలో యంత్రములతో కంపోస్టు కర్మాగారములు నెలకొల్పిరి. అప్పటికి చెత్త స్వభావము మారుచున్నది. కలగలుపు చెత్తను యంత్రములో పోసి, పిమ్మట జల్లెడ పట్టినారు. వచ్చిన ఎరువులో గాజుపెంకులు, ప్లాస్టికు ముక్కలు కనిపించగా రైతులు కొనుట మానివేసిరి. ఆ కర్మాగారములు చాలవరకు మూతపడినవి. కుళ్ళకముందు వేరు చేయని దానిని కుళ్ళిన తరువాత వేరుచేయుట ఏ జల్లెడకును సాధ్యము కాదు. గాజు నలిగి ఇసుకవలె సన్నమై జల్లెడ దిగిపోవును.

గాజు కాలికి గుచ్చుకొనును గనుక తెలియును. కంటికి కనపడనిది సీసము, కాడ్మియము వంటి లోహముల సంగతి. పాత బ్యాటరీలు, రంగుల డబ్బాలు చెత్తలో చేరి, తడి తగిలినప్పుడు ఈ లోహములు ఎరువులోనికి దిగును. లెక్క చూడుడు: కిలో ఎరువులో 100 మిల్లీగ్రాములు సీసమున్నదనుకొన్నచో, ఎకరమునకు వేయు 4 టన్నులలో 400 గ్రాముల సీసము చేనికి చేరును. ఎకరములో పై 15 సెంటీమీటర్ల మన్ను సుమారు 900 టన్నులుండును గనుక ఈ 400 గ్రాములవలన కిలో మన్నులో పెరుగునది అర మిల్లీగ్రాముకంటె తక్కువ. కాని ఎరువులో దానికి పదిరెట్లున్నచో పది సంవత్సరములలో కిలోకు 40 మిల్లీగ్రాములకు మించి పెరిగిపోవును. నత్రజనిని పైరు తినివేయును, వాన కడిగివేయును. సీసము అట్లు పోదు. మన కుమారుల నాటికిని ఆ చేలోనే ఉండును.

సూర్యాపేట పట్టణము సంగతి ఇచ్చట చెప్పదగినది. అప్పుడు నల్లగొండ జిల్లాలోనిది, 2016నుండి తానే జిల్లా కేంద్రము. 2003 ప్రాంతములో అచ్చటి పురపాలక సంఘమువారు వీధి మూలలనున్న చెత్తకుండీలను తీసివేయించి, తడి చెత్తకొకటి, పొడి చెత్తకొకటిగా రెండు బుట్టలు పెట్టుకొనుడని ఇండ్లవారికి నేర్పి, ఇంటింటినుండి సేకరించిరి. పొడి చెత్తను రకముల వారీగా విడదీసి అమ్మిరి. తడి చెత్తను వానపాముల ఎరువుగా మార్చిరి. కుండీలను తీసివేయుటలోనే కీలకమున్నది. మూలనొక కుండీ ఉన్నంతకాలము ఏ గృహిణియు రెండు బుట్టలు పెట్టదు. చీకటిలో అన్నియు ఒక్క సంచిలో మూటగట్టి పడవేసి వచ్చును.

2016లో వచ్చిన ఘన వ్యర్థముల నియమములు ఇంటివద్దనే చెత్తను మూడుగా వేరుచేయవలెనని నిర్దేశించినవి: కుళ్ళునది, కుళ్ళనిది, ఇంటిలోని ప్రమాదకరమైనది. ఈ మూడవది చూచుటకు కొంచెమే, చెరుపులో పెద్దది. మొదటి రెండింటిపై శ్రద్ధ చూపు సంఘములుకూడ దీనిని మరచుచున్నవి. బండికి ఒక ప్రక్క మూతగల చిన్న డబ్బా కట్టి, బ్యాటరీలు, ట్యూబులైట్లు, మందుల సీసాలు అందులో వేయించినచో పొలమునకు కలుగు మేలు ఇంతంత కాదు. కలిపిన చెత్తను తీసుకొనక తిప్పి పంపు అధికారము బండి వెంట వచ్చు పారిశుద్ధ్య కార్మికునికి ఉండవలెను. అతడు కాదన్నప్పుడు వార్డు సభ్యుడు అతని పక్షమున నిలువవలెను. ఇంటివాడు కేకలు వేయగానే సభ్యుడు తప్పుకొన్నచో ఆ వీధిలో మరుసటి దినమునుండి వేరుచేయుట ఆగిపోవును.

చెత్తను అసలే పుట్టకుండ చేయుట ఇంకను మేలు. పెండ్లి భోజనములకు ప్లాస్టికు పూత గల కాగితపు పళ్లెములు వాడుట వలన మిగిలిన అన్నముకూడ ఎరువునకు పనికిరాకుండ పోవుచున్నది. అరటి ఆకు గాని, అడ్డాకు, మోదుగాకు విస్తరి గాని అయినచో అన్నముతోసహా కుప్పలో వేయవచ్చును. విస్తరి కుట్టు పుల్లలును కుళ్ళిపోవును.

ఇందులో రైతు వంతు కూడ కలదు. 1999లో రైతు బజారులు ప్రారంభమైననాటినుండి నేరుగా కూరలు తెచ్చి అమ్ముకొను వసతి కలిగినది. కాలీఫ్లవరు ఆకులు, ముల్లంగి ఆకులు, మొక్కజొన్న పొత్తుల పొట్టు చేనిలోనే విడిచి వచ్చినచో బండిలో బరువు తగ్గును. పశువులకు మేతయో, చేనికి ఎరువో అగును. బజారుకు తెచ్చి అక్కడ పారవేసిన ఆకును ఎత్తుటకు పట్టణము డబ్బు ఖర్చు పెట్టుచున్నది. దానినే మరల ఎరువుగా రైతు కొనుచున్నాడు!

ఇక తయారీ మాట. తడి చెత్తను పొడవాటి కుప్పగా పోసి, పిండిన గుడ్డవలె చేతికి తెలియునంత తేమ నిలిపి, వారమునకొకసారి తిరుగవేయవలెను. కుప్ప లోపల వేడి 55 డిగ్రీల సెంటీగ్రేడుకు మించి కొన్నాళ్ళు నిలిచినచో కలుపు గింజలు, తెగులు క్రిములు చాలవరకు నశించును. వానపాముల తొట్టిలో ఇట్టి వేడి పుట్టదు. పుట్టినచో వానపాములే చచ్చును. కనుక పచ్చి చెత్తను మొదట రెండు మూడు వారములు కుప్పలో మాగనిచ్చి, చల్లారిన పిమ్మటనే తొట్టిలో వేయవలెను. ఈ మెట్టు విడిచిన చోట్ల వానపాముల ఎరువుతో బాటు టమాటా మొలకలుకూడ రైతు చేనిలో లేచుచున్నవి.

కొనబోవు రైతు మూడు చిన్న పరీక్షలు చేసుకొనవచ్చును. గుప్పెడు ఎరువు తీసి వాసన చూడవలెను. మాగినది తొలకరి మట్టివాసన ఇచ్చును. ఘాటుగాను పుల్లగాను ఉన్నది పచ్చిది. అట్టి పచ్చి ఎరువు వేసినచో మట్టిలోని సూక్ష్మజీవులు దానిని కుళ్ళించుటకై నత్రజనిని లాగుకొనును, పైరు పసుపెక్కును. రెండవది, తెల్లని సీసాలో నీరుపోసి ఎరువు కలిపి కొంతసేపు ఉంచవలెను. గాజు, ఇసుక అడుగున చేరును, ప్లాస్టికు పైకి తేలును. మూడవది, రెండు కుండీలు తీసుకొని ఒకదానిలో చేని మన్ను, రెండవదానిలో సగము మన్ను సగము ఎరువు నింపి ఇరువదేసి పెసర గింజలు వేయవలెను. వారమునకు ఎరువు కుండీలో మొలకలు తక్కువగానో, కురచగానో ఉన్నచో ఆ ఎరువు కొనరాదు.

లోహముల సంగతి చేతితో తెలియదు. దానికి పరీక్షాశాల నివేదిక కావలెను. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారము పట్టణ కంపోస్టులో కిలోకు సీసము 100 మిల్లీగ్రాములు, కాడ్మియము 5 మిల్లీగ్రాములు మించరాదు. నత్రజని కనీసము 0.8 శాతముండవలెను. బస్తా మీద అచ్చైన ఈ అంకెలను చదువుడు. సంచి లేక విడిగా అమ్మునప్పుడు నివేదిక చూపుమని అడుగుటకు సంకోచింపనక్కరలేదు. నలుగురైదుగురు రైతులు కలిసి అడిగినచో, లేదా గ్రామ అధికారి ద్వారా వ్రాసి అడిగినచో సమాధానము త్వరగా వచ్చును.

ఎకరమునకు 4 టన్నులు చాలును. నత్రజని 0.8 శాతమున్న ఎరువులో ఇది 32 కిలోలు, అనగా సుమారు 70 కిలోల యూరియాలోనున్నంత. కాని అంతయు మొదటి పైరుకే అందదు గనుక యూరియాను ఒక్కసారిగా మానరాదు. భూసార పరీక్షను బట్టి కొద్దికొద్దిగా తగ్గించుకొనవలెను. ఆఖరి దుక్కికి ముందు చల్లి, ఎండకు ఎండనీయక అదే దినము కలియదున్నవలెను. పేడ ఎరువు సొంతముగా సమృద్ధిగా గల రైతు ముందు దానినే వాడుకొనుట లాభము. పశువులు తగ్గిన ఊళ్ళలోను, కూరతోటలలోను పట్టణ కంపోస్టుకు గిరాకీ ఎక్కువ. ఆకుకూరల మళ్ళకు మాత్రము నివేదిక చూడని ఎరువు వేయవద్దు.