అత్తకు పని చెప్పేదెలా?

సమస్య



మాది కొల్లేరు లంక గ్రామం. నాకు 27 ఏళ్లు. ఏలూరులో బీఎస్సీ మైక్రోబయాలజీ చదివి, కైకలూరు వైపున్న ఒక రొయ్యల ఫ్యాక్టరీ ల్యాబ్‌లో మూడేళ్లు పనిచేశాను. నాలుగు నెలల కిందట నన్ను పీలింగ్ హాలుకి సూపర్‌వైజర్‌ని చేశారు. ఎనిమిది టేబుళ్లు, 64 మంది ఆడవాళ్లు. సగం మంది మా ఊరివాళ్లూ, చుట్టుపక్కల లంకలవాళ్లూ. నన్ను చదివించడానికి మా అమ్మ కూడా ఆ టేబుళ్ల దగ్గరే నిలబడి తొమ్మిదేళ్లు రొయ్యలు ఒలిచింది.

నేను చెబితే ఎవరూ వినడం లేదమ్మా. ట్రేలో ఐసు వేయమంటే "వేస్తాంలే" అంటారు. చేతులు మళ్లీ కడుక్కురమ్మంటే ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకుంటారు. అందరిలోకీ పెద్దావిడ నాకు వరసకు అత్త. "నీ చీమిడి ముక్కు తుడిచిన చేతులే ఇవి. ఇప్పుడు నువ్వు మాకు చెప్పేదానివయ్యావా?" అంది. నవ్వుతూనే అంది, కానీ నాకు గుచ్చుకుంది.

మంచిగా ఉంటే వింటారని మొదట్లో అత్త వాళ్ల టేబుల్‌కి రెండు మూడుసార్లు పెద్ద కౌంట్ సరుకు వేయించాను. ఏమీ మారలేదు. మేనేజర్ గారేమో "మెత్తగా ఉంటే నెత్తికెక్కుతారు, గట్టిగా ఉండు" అన్నారు. దాంతో వరసలు పెట్టి పిలవడం మానేశాను. నన్ను మేడం అనమన్నాను. పోయిన నెల తనిఖీకి బయటివాళ్లు వచ్చిన రోజున అత్త చేతికి మట్టిగాజులు కనబడ్డాయి. "గాజులు తీసేసి రా, లేకపోతే ఇంటికి పో" అని హాలంతా వినబడేలా అరిచాను. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుని వెళ్లిపోయింది. మూడు రోజులు పనిలోకి రాలేదు.

ఇప్పుడు ఏం చెప్పినా "ఆయ్, మేడం" అంటారు. అంతకుమించి ఒక్క మాట ఉండదు. పని బాగా పడిపోయింది. ఇంట్లో అమ్మ కూడా ముభావంగా ఉంటోంది. మళ్లీ ల్యాబ్‌కే పోనా? వీళ్ల దగ్గర గౌరవం సంపాదించుకునే దారి ఉందా?

– ఓ సోదరి, కొల్లేరు ప్రాంతం

సలహా

అమ్మా, నా కూతురి ఈడుదానివి. నువ్వనే అంటాను.

ఉత్తరం చదివిన వాళ్లెవరికైనా గాజుల సంగతే మనసులో పడుతుంది. దాని దగ్గరకి వస్తాను. నేను మాత్రం అంతకుముందే ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. అత్త టేబుల్‌కి పెద్ద కౌంట్ వేయించానని రాశావు. నువ్వు దాన్ని మంచితనం అనుకున్నావు. మిగతా ఏడు టేబుళ్ల వాళ్లు ఏమనుకుని ఉంటారు?

తెలియని పాఠకులకు చెబుతాను. చెరువు గట్టు మీద కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది. 30 కౌంట్ అంటే కిలోకి ముప్పై, 100 కౌంట్ అంటే నూరు. పెద్ద కౌంట్ అంటే పెద్ద రొయ్యలు. కిలో లెక్కన కూలి కట్టే చోట ముప్పై ఒలిచే చెయ్యీ నూరు ఒలిచే చెయ్యీ ఒకటే డబ్బు చూడవు. చిన్న రొయ్యకు రేటు కాస్త పెంచినా ఆ తేడా పూర్తిగా పూడదు. ఏ టేబుల్ మీద ఏ సరుకు కుమ్మరించాలో చెప్పేది నువ్వు. అంటే సాయంత్రం ఎవరింటికి ఎంత వెళుతుందో కొంతవరకు నీ నోటి మాట మీద ఉంది. నీకొచ్చిన అసలు పెత్తనం అదే. దాన్ని నువ్వు చూసుకోలేదు, వాళ్లు మొదటి రోజే చూశారు.

చూడక ఏం చేస్తారు? 1970ల్లో లంక ఊళ్లలో సొసైటీలు పెట్టి చెరువులిచ్చారు. రానురాను చాలా చెరువులు బయటి పెట్టుబడిదారుల చేతుల్లోకి పోయాయి. 1999లో కొల్లేరు అభయారణ్యమైంది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చెరువు గట్లు కొట్టేశారు. ఆ తర్వాత కూలి వెతుక్కుంటూ ఊళ్లు దాటిన కుటుంబాలెన్నో. నీ టేబుళ్ల దగ్గర నిలబడే పెద్దవాళ్లలో ఆ రోజులు చూసినవాళ్లు ఉండే ఉంటారు. పంపకంలో మోసం వాళ్లకు కొత్త కాదు. మన పిల్లే పైకొచ్చిందని సంతోషిస్తూనే, ఈ పిల్ల కూడా ఆ మోసం చేసినవాళ్లలాగే చేస్తుందా అని కనిపెట్టుకుని ఉంటారు.

మా నాన్న తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్‌లో ముఠా మేస్త్రి. పాత మేస్త్రి మంచాన పడితే, పాతికేళ్లైనా నిండని మా నాన్నకు ఆ పని అప్పగించారు. ముఠాలో బాబాయిల వయసువాళ్లు, మావయ్యల వయసువాళ్లు. మొదటి వారం "ఒరే" అని తప్ప ఇంకో పిలుపు లేదట. ఆయన దాని జోలికి పోలేదు. సాయంత్రం టీ కొట్టు ముందు తువ్వాలు పరిచి, ఏ లారీకి ఎన్ని బస్తాలో, ఎంత ముట్టిందో పైకి చదివి, అందరి వాటాలూ పెట్టాక ఆఖరున తన వాటా తీసుకునేవారు. నడక ఎక్కువయ్యే లారీ, కుళ్లు సరుకు కారుతున్న లారీ ఎప్పుడూ ఒకరి నెత్తినే పడకుండా వంతు పెట్టారు. తన వంతు తానూ మోశారు. "ఒరే" అన్న నోటితోనే వాళ్లు మా అక్క పెళ్లికి పందిరి వేశారు. పిలుపు మారలేదు, మాట చెల్లింది.

వంతు అన్న మాట నీకు నేను చెప్పాలా? దాళ్వా పంటకు నీళ్లు చాలనప్పుడు డెల్టా కాలువలకు వంతులవారీగా వదులుతారు. ఎగువవాడికి ఎంత ఆశ ఉన్నా వంతు వంతే. నీ హాల్లోనూ కౌంటుకి వంతు పెట్టు. తలుపు పక్కన బోర్డు మీద ఎనిమిది టేబుళ్ల నంబర్లూ రాసి, ఈ రోజు పెద్ద సరుకు ఎవరికి, రేపెవరికి అన్నది అందరికీ కనబడేలా పెట్టు. ఒలిచిన సరుకు తూచేటప్పుడు కాటా ముల్లయినా, అంకెలయినా ఒలిచిన మనిషికే ముందు కనబడాలి. చదువు రానివాళ్లకు అంకె పైకి చదివి చెప్పు.

అలా కళ్లముందు తూచడంలో ఎంత బలముందో చూడు. పాల సంఘాలకు పేరుగా నిలిచిన వర్గీస్ కురియన్ 1949లో గుజరాత్‌లోని ఆనంద్‌లో అడుగుపెట్టేటప్పటికి నీ వయసే, 27 ఏళ్లు. మలయాళీ, పరాయి ఊరు, పరాయి భాష. ఆయన వెళ్లేటప్పటికే అక్కడ రైతుల పాల సంఘం ఉంది. తెచ్చిన పాలను తెచ్చినవాళ్ల ముందే కొలిచి, వెన్న శాతం చూసి డబ్బు కట్టే పద్ధతి మీదే అంతా నిలబడింది. మన ఊళ్ల పాల కేంద్రాలకు పొద్దున్నే చెంబు పట్టుకెళ్లిన వాళ్లకు ఆ నమ్మకం ఏమిటో తెలుసు.

సరుకు తగ్గిన రోజులకీ ఇదే వంతు. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి పెంచినప్పుడు రొయ్యల మీద బతికే వాళ్లందరికీ గుండెల్లో రాయి పడింది. లోడు తగ్గితే "రేపు రావద్దు" అని ఎవరికో ఒకరికి చెప్పాల్సి వస్తుంది. ఆ మాట నీకు నచ్చనివాళ్లకే చెబితే ఇక నిన్ను ఎవరూ నమ్మరు.

ఇప్పుడు గాజుల మాట. రూలు నూటికి నూరుపాళ్లు సరైనదే. గాజుపెంకు ఒక్కటి రొయ్యల్లో కలిస్తే ఏమవుతుందో, గాజుల కింద తడిలో ఏం పెరుగుతుందో ల్యాబ్‌లో పనిచేసిన నీకు నాకంటే బాగా తెలుసు. కానీ తల్లీ, పెద్ద ముత్తయిదువ చేతి గాజులు పదిమందిలో తీయమంటే ఆ మాట చెవికి ఎలా తగులుతుంది? మన ఇళ్లలో ఆడదాని చేత గాజులు ఎప్పుడు తీయిస్తారో నీకు తెలియదా? ఆవిడ ఏడ్చింది రూలుకి కాదు.

ముందు వాళ్లింటికి వెళ్లు. అమ్మను రాయబారానికి తీసుకెళ్లకు, ఒక్కదానివే వెళ్లు. తరవాత, మాట అన్నది హాల్లో కాబట్టి హాల్లోనూ చెప్పు: "రూలు ఎవరికైనా రూలే. గాజులు తీయాల్సిందే. కానీ అత్తను నేను అలా అనకూడదు. తప్పయింది." సాకులు కలపకు. తనిఖీవాళ్లు వచ్చారని, మేనేజర్ అన్నారని చెప్పకు. ఆ మర్నాటి నుంచి బట్టలు మార్చుకునే గదిలోనే పేరు రాసిన డబ్బా ఒక్కొక్కరికీ పెట్టించు. షిఫ్టుకు పది నిమిషాల ముందు నువ్వే అక్కడ నిలబడి, మొదట నీ గాజులు తీసి నీ డబ్బాలో వెయ్యి. హాల్లోకి వచ్చాక తీయమనే అవసరమే రాకూడదు.

మేడం అన్న పిలుపు మానిపించు. అత్తను అత్తా అనే పిలువు, బయటివాళ్ల ముందు అత్తగారూ అను. వరస పెట్టి పిలిచినంత మాత్రాన పని చెప్పకూడదని ఎక్కడా లేదు. మన ఇళ్లలో కోడళ్లు అత్తలకు మందులు మింగించడం లేదా?

ఆవిడ చేతికి తెలిసిన విద్య నీకు రాదు. ఏ రొయ్య మెత్తబడిందో, దేనికి నల్లమచ్చ మొదలైందో ఆవిడ వేళ్లకు తెలుస్తుంది. కొత్తగా వచ్చే పిల్లలకు ఆవిడ చేత నేర్పించు. అయితే నేర్పిన పూట ఆవిడకు కిలోలు తగ్గుతాయి. ఆ పూటకు రోజు కూలి కట్టమని మేనేజర్‌ని అడుగు. ఆయన గట్టిగా ఉండమన్నారు కదా, ఆ గట్టితనం ఇక్కడ చూపించు. చిరిగిన గ్లవుజుల గురించి, ఐసు నీళ్లలో కొయ్యబారే వేళ్ల గురించి కూడా ఆయన దగ్గరే గట్టిగా మాట్లాడు.

ల్యాబ్‌కి పోవద్దు. ప్లేటులో పెరిగే క్రిమి సంగతీ, టేబుల్ దగ్గర నిలబడే అమ్మ నొప్పీ రెండూ తెలిసిన సూపర్‌వైజర్ ఆ హాలుకి మళ్లీ దొరకదు.

వంతు పెట్టిన వారానికే ఎవరో ఒకరు నీ దగ్గరికొచ్చి "మా టేబుల్‌కి ఈ ఒక్కరోజుకి..." అని మెల్లిగా అడుగుతారు. బహుశా అత్తే అడగవచ్చు. సోమవారం బోర్డు పెట్టు. నెలయ్యాక నాకు మళ్లీ రాయి. అలా అడిగింది ఎవరో, నువ్వేం చెప్పావో రాయడం మర్చిపోకు.