పాత డ్రోను కొనవలెనా, క్రొత్తది కొనవలెనా?

మందు కొట్టు డ్రోనును సంఘము పేర కొనదలచిన సభ్యులు పలువురు ఈ ప్రశ్న వేయుచున్నారు. మూడు నాలుగేండ్లు పనిచేసిన యంత్రము సగము వెలకు వచ్చుచున్నది. దానిని తీసికొందుమా, లేక అప్పు చేసియైనను క్రొత్త నమూనాను తెత్తుమా? ఎద్దును కొనునపుడు పండ్లు పట్టి చూచి, కాడి కట్టి నాలుగు సాళ్లు దున్నించి చూచెడి రైతు, ఈ యంత్రమును నీడలో నిలిపియుండగా చూచి బేరమాడుట మాకు వింతగా నున్నది. దీనికిని పండ్లున్నవి.

మొదట కాగితములు చూడవలెను. 2021 డ్రోను నియమముల ప్రకారము ఇట్టి యంత్రము ప్రభుత్వ పట్టికలో నమోదై, తనకంటూ ఒక గుర్తింపు సంఖ్యను పొందియుండవలెను. అమ్మకము జరిగినపుడు ఆ సంఖ్య క్రొత్త యజమాని పేరునకు మార్పించుకొనవలెను. 2022 ఫిబ్రవరిలో విదేశీ డ్రోనుల దిగుమతి నిషేధింపబడినది. సంఖ్య లేని యంత్రము చవుకగా దొరికినను సంఘము దానిని ముట్టరాదు. ప్రమాదము జరిగినచో బాధ్యత సంఘముపై పడును. నడుపువానికి పైలట్ ధ్రువపత్రము వేరుగా ఉండవలెను. పదవ తరగతి ఉత్తీర్ణులై 18 మొదలు 65 ఏండ్లలోపు వయస్సు గలవారు అనుమతి పొందిన సంస్థలో శిక్షణ పొంది దానిని తీసికొనవచ్చును. పాత యంత్రముతో పాటు అమ్మినవాని పైలట్ రాడు గదా!

తరువాతి సంగతి బ్యాటరీలు. మా యభిప్రాయమున బేరమంతయు ఇక్కడనే తేలును. 10 లీటర్ల ట్యాంకు గల డ్రోను ఒకసారి ఎగిరినచో సుమారొక ఎకరము తడిపి దిగును. వెంటనే వేరొక జత బ్యాటరీలు తగిలింపవలెను. ఇవి కొన్ని వందల చార్జింగులకు మించి మన్నవు. వాడినను వాడకున్నను, ఎండలోను, నిండు చార్జితోను పడియున్నచో త్వరగా చెడును. లెక్క కొఱకు జత వెల 45,000 రూపాయలనియు, 300 చార్జింగులు వచ్చుననియు అనుకొందము. ఎకరమునకు బ్యాటరీ అరుగుదలయే 150 రూపాయలు. పాత డ్రోను 3 లక్షలకు వచ్చి, దాని నాలుగు జతలును మార్చవలసి వచ్చినచో 1,80,000 చేరి 4,80,000 అగును. నాలుగు జతలతో క్రొత్తది 6 లక్షలైనచో వ్యత్యాసము 1,20,000 మాత్రమే. సగము వెల యను మాట నిలువదు. పైగా 2022 జనవరిలో కేంద్ర ప్రభుత్వము, రైతుల సహకార సంఘముల అద్దె యంత్ర కేంద్రములకు డ్రోను వెలలో నూటికి 40 వంతులు, 4 లక్షలకు మించకుండ సహాయము ప్రకటించినది. అట్టి సహాయము మీకు లభించునో లేదో ముందుగా వ్యవసాయాధికారిని అడిగి తెలిసికొనుడు. లభించినచో ఆ 6 లక్షలు 3,60,000 అగును. అప్పుడు పాతదే ఖరీదైనది!

అట్లని పాతదానిని చూడకయే త్రోసివేయుమని మేము చెప్పము. పరీక్ష యిట్లు చేయవలెను. బ్యాటరీలలో ఒక్కటైనను ఉబ్బియున్నచో దానికి వెల కట్టవలదు. బ్యాటరీ విప్పి, రెక్కలు తీసి, మోటారులను చేతితో త్రిప్పి చూడుడు. గరగరలాడినచో బేరింగులు పోయినట్లే. ట్యాంకు నిండ నీరు పోసి ఎగురవేయించి, ఎన్ని నిమిషములు నిలిచినదో గడియారముతో చూడుడు. ఖాళీ ట్యాంకుతో ఎగిరి చూపుట పరీక్ష కాదు. దిగిన పిమ్మట ఒక్కొక్క నాజిల్ క్రింద గిన్నె పెట్టి, నిమిషమునకు ఎంత నీరు వచ్చునో కొలువుడు. నూటికి పదివంతులు మించి తేడా వచ్చినచో ఒక సాలు మాడి, ఒక సాలు పురుగుకు మిగులును. యంత్రములోని ప్రయాణపు లెక్కలను కూడ అడుగుడు.

దీనికంటె ముఖ్యమైన ప్రశ్న యొకటి కలదు: ఆ ట్యాంకులో పూర్వము ఏమి పోసిరి? వరిలో కలుపునకు 2,4-డి కొట్టిన యంత్రమును బాగుగా కడుగక ప్రత్తిపై నడిపినచో, మిగిలిన కొద్దిపాటి మందునకే ఆకులు ముడుచుకొని పైరు చెడును. మిరపకును ఈ ముప్పు కలదు. గొట్టములు, ఫిల్టర్లు, నాజిళ్లు మార్పించి, ట్యాంకును పలుమార్లు కడిగింపవలెను. వీలైనచో కలుపుమందునకు వేరు ట్యాంకు ఉంచుకొనుట మేలు.

క్రొత్త నమూనాలలో నేల ఎత్తుపల్లములను గుర్తించు రాడారు, అడ్డము వచ్చిన చెట్టును చూచి ఆగు పరికరము ఉండును. డెల్టాలోని చదునైన వరిమళ్లకు మొదటిది అంతగా అక్కఱలేదు. మెట్టల మీద, తోటల నడుమ అది వెలకు తగినదే. పెద్ద ట్యాంకు చూచి మురిసిపోవలదు. నిండు బరువు 25 కిలోలు దాటినచో నియమములలో వర్గమే మారును, పైలట్ పత్రమును ఆ వర్గమునకు తగినదై యుండవలెను. చిన్న కమతముల మధ్య గట్టు మీద నడుచుకొని దానిని మోసికొని పోవుటయు కష్టమే.

విడిభాగములు ఎన్నిదినములలో చేరునో వ్రాతమూలకముగా అడుగుడు. మిరపలో పురుగు కనబడిన వారములో పంపు చెడి, రావలసిన భాగము ఇరువది దినములకు వచ్చినచో, యంత్రము పాతదైనను క్రొత్తదైనను సభ్యునకు నష్టమొక్కటే. పాతది కొనుటకు నిశ్చయించినచో, పేరు మార్పు పూర్తియై, నిండు ట్యాంకుతో పది ఎకరములు కొట్టి చూచువఱకు, సొమ్ములో మూడవవంతు నిలుపుకొనునట్లు ఒప్పందము వ్రాయించుకొనుడు.