రెండు చేతులూ ఖాళీ కావాలి

పాలమూరు ప్రాంతంలోని పెద్దమందడి చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా సైకిల్ చైను ఊడితే చేసే పని ఒకటే. సీటు మీద, హ్యాండిల్ మీద సైకిల్‌ని తలకిందులుగా నిలబెడతారు. ఒకరు చక్రం పట్టుకుంటారు, ఇంకొకరు గొంతుక్కూర్చొని పానా తిప్పుతారు. పది నిమిషాలకు నడుం పట్టేస్తుంది, సైకిల్ పక్కకు ఒరుగుతుంది. "రేపు చూద్దాంలే" అని గోడకు ఆనించేస్తారు. ఇంట్లోవాళ్లు దానికి బద్ధకమని పేరు పెడతారు. నేనైతే ఒప్పుకోను. ఆ మనిషికి లేనిది ఓపిక కాదు, పని చేసుకునే ఏర్పాటు.

వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు సంకల్పబలం మీద పేజీలకు పేజీలు రాస్తాయి. రెండు చేతుల్లో ఒకటి సైకిల్ పడిపోకుండా ఆపడానికే సరిపోతుంటే ఎంత సంకల్పమున్నా ఏం లాభం?

ఏర్పాటుకు పెద్ద ఖర్చు లేదు. వాకిట్లో ఐదారు అడుగుల ఎడంతో రెండు గట్టి కర్రలు రెండడుగుల లోతున పాతాలి. నేల మీద ఆరున్నర అడుగుల ఎత్తుండేలా పైన అడ్డకర్ర బిగించాలి. దానికి రెండు తాళ్లు వేలాడదీసి, ఒకటి సీటు కిందా ఇంకొకటి హ్యాండిల్ దగ్గరా తగిలిస్తే సైకిల్ గాల్లో నిలుస్తుంది. ఊగకుండా ముందు చక్రాన్ని పాత ట్యూబుతో కర్రకు కట్టేయాలి. ఇనుప పైపులతో వెల్డింగ్ చేయించుకున్నా సరే. నిజానికి పాలమూరు పల్లెల్లో ఈ పని ఎవరికీ కొత్త కాదు. ఊళ్లు తిరిగి డ్యాములు, మేడలు కట్టొచ్చిన మేస్త్రీలున్న నేల ఇది. సెంట్రింగ్ కర్ర ఎక్కడ బిగించాలో పక్కింటి పెద్దాయనే చెబుతాడు. అడగడానికి మొహమాటపడటమే అసలు చిక్కు.

సైకిల్ కంటి ఎత్తుకు లేచాక కొత్త సంగతులు బయటపడతాయి. వెనక చక్రం తిప్పి, ఫ్రేముకు ఆనించిన సుద్దముక్కను రిమ్ము పక్కకు మెల్లగా చేర్చండి. వంకరున్న చోట మాత్రమే తెల్లగా గీత పడుతుంది. గీత కుడివైపు పడితే అక్కడ ఎడమ పక్క పుల్లలు బిగించాలి, కుడివి కాస్త వదులు చేయాలి. అదీ పుల్ల చివరి నిపుల్‌ను ఒక్కోసారి పావు చుట్టే. పాత రకం సైకిళ్లకు వెనక 40 పుల్లలుంటాయి. తొందరపడి ఒకేచోట గట్టిగా బిగిస్తే వంకర ఇంకో చోటికి పోతుంది. చదువులో వెనకబడ్డ పిల్లవాణ్ని "మొత్తం మారాలి" అని తిట్టేవాళ్లు ఈ సుద్దగీతను ఒకసారి చూడాలి.

అమెరికాలోని డేటన్‌లో సైకిల్ షాపు నడిపిన రైట్ సోదరులూ విమానం కన్నా ముందు పరీక్షించే సాధనాలే చేసుకున్నారు. 1901లో ఒక సైకిల్ హ్యాండిల్ ముందు మూడో చక్రాన్ని అడ్డంగా బిగించి, దాని మీద చిన్న రెక్కముక్కలు పెట్టి, తొక్కుతూ గాలి ఒత్తిడిని గమనించారు. 1903లో ఎగిరారు. మన దగ్గర, ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం చీర నేతకు ముందు దారం చుట్టే ఆసు పనితో తల్లికి వచ్చిన భుజం నొప్పి చూసి ఆసు యంత్రం మొదలుపెట్టాడు. డబ్బు చేతికొచ్చినప్పుడల్లా ఒక్కో భాగం చేసుకుంటూ 1999లో పూర్తిచేశాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. వాళ్లకు తెలివి ఉందన్నది నిజమే. దానికి తోడు, పనికి కావాల్సిన సరంజామా తామే తయారుచేసుకునే అలవాటూ ఉంది. ఆ రెండోది నేర్చుకోవచ్చు.

ఈ ఆదివారం మొదలుపెట్టండి. తాళ్లు కట్టాక సైకిల్ ఎక్కించే ముందు అడ్డకర్రను పట్టుకొని మీ బరువంతా వేసి లాగి చూడండి. కర్ర కదిలితే ఇంకో జానెడు లోతు తవ్వండి.