ఎండకు నోచుకోని ఎముకలు

పూటకొక మాట చెప్పే మనిషిని ఊసరవెల్లితో పోల్చడం తెలుగువారికి పరిపాటి. పోలిక ప్రసిద్ధమే గాని, అందులో ఆ ప్రాణికి కొంత అన్యాయం జరిగింది. ఊసరవెల్లి రంగు మార్చేది మోసగించడానికి కాదు. భయాన్ని, కోపాన్ని, చలిని, వేడిమిని అది చర్మంతోనే తెలియజేస్తుంది. తన స్థితిని ఇంతగా వెల్లడించే ఈ జీవి ఒక్క వ్యాధిని మాత్రం ముదిరేదాకా బయటపడనీయదు. ఎముకలను మెత్తబరిచే ఆ వ్యాధిని పశువైద్యులు మెటబాలిక్ బోన్ డిసీజ్ అంటారు.

మన పొలాల గట్లమీద, కంచెలమీద కనిపించే ఊసరవెల్లిని పట్టి పెంచడం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణ కల్పించింది. అమెరికా, ఐరోపా దేశాలలో మాత్రం యెమెన్, సౌదీ అరేబియాలకు చెందిన ‘వెయిల్డ్ కెమేలియన్’ అనే జాతిని ముచ్చటపడి ఇండ్లలో పెంచుకొంటారు. దాని తలపై శిరస్త్రాణం వంటి ఎత్తైన కిరీటం ఉంటుంది. స్వస్థలంలో ఎండకు కొదువలేని ఆ ప్రాణి, పరాయి దేశపు గదిలో దీపం కింద బ్రతుకుతుంది. చిక్కంతా అక్కడే ఉంది.

సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలలో 280 నుండి 315 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గలవి చర్మానికి సోకితే డి3 విటమిన్ తయారవుతుంది. అది కాలేయంలోను, మూత్రపిండాలలోను మార్పు చెంది, తిన్న ఆహారంలోని కాల్షియం రక్తంలో చేరడానికి తోడ్పడుతుంది. ఆ కిరణాలు లేనప్పుడు ఎంత మేపినా కాల్షియం ఒంటబట్టదు. రక్తంలో కాల్షియం తగ్గితే గుండె, కండరాలు పనిచేయవు. కనుక శరీరం తన ఎముకలనే కరిగించి ఆ లోటు పూడ్చుకొంటుంది. ఇల్లు నిలబెట్టడానికి ఇంటి దూలాలనే అమ్ముకొన్నట్లు!

ఆహారం కూడా ఇందుకు తోడవుతుంది. పెంపుడు ఊసరవెల్లికి పెట్టే కీచురాళ్ళలో భాస్వరం మెండు, కాల్షియం స్వల్పం. ఆహారంలో భాస్వరానికి రెట్టింపు కాల్షియం ఉండాలన్నది వైద్యుల లెక్క. కిటికీ పక్కన పంజరం పెట్టి ఎండ తగులుతున్నదని తృప్తిపడేవారు ఉన్నారు. కిటికీ అద్దం వెలుగును లోనికి రానిచ్చి, కావలసిన కిరణాలను బయటే ఆపివేస్తుంది. ఇది ప్రేమలేకపోవడం కాదు, తెలియకపోవడం. బాధపడేది మాత్రం ఆ ప్రాణియే.

ఊసరవెల్లి పాదం పట్టకారు వంటిది. వ్రేళ్ళు ఒకవైపు రెండు, మరొకవైపు మూడుగా కలిసి కొమ్మను బిగించి పట్టుకొంటాయి. వ్యాధి మొదలయ్యాక మొదట సడలేది ఆ పట్టే. పైకొమ్మలు ఎక్కే ప్రాణి పంజరం అడుగునే తిరుగుతుంది. ముంజేతులు విల్లులా వంగుతాయి, దవడ రబ్బరువలె మెత్తబడుతుంది. దేహంకంటె దూరం చాచగల నాలుక పురుగు దాకా పోదు. ఒక్కొక్కప్పుడు పోయినది వెనుకకు రాదు. ఎదుట ఆహారం కదులుతున్నా కళ్ళు తిప్పి చూడటం తప్ప అది చేయగలిగినది లేదు.

ఈ దశలో సొంతవైద్యం పనికిరాదు. సరీసృపాల వైద్యం తెలిసిన పశువైద్యుడు ఎక్స్‌రే తీసి ఎముకల స్థితిని చూస్తాడు. నోటిద్వారా ఇచ్చే కాల్షియం మందును బరువునుబట్టి నిర్ణయిస్తాడు. త్వరగా నయం కావాలన్న ఆత్రంతో డి3 ఎక్కువగా ఇస్తే కాల్షియం మూత్రపిండాలలోను, రక్తనాళాలలోను పేరుకొని మరొక ప్రమాదం తెస్తుంది.

ఇంటివద్ద చేయవలసిన సేవ ఓర్పుతో కూడినది. పడినా ఎముక విరగకుండా కొమ్మలను కిందికి దించి, అడుగున మెత్తని గుడ్డ పరచాలి. పక్కటెముకలు సైతం పెళుసుబారి ఉంటాయి గనుక గుప్పిట పట్టరాదు. అరచేయి చాపి, అదే నడిచి వచ్చేదాకా వేచి ఉండాలి. కీచురాళ్ళకు ముందురోజు ఆకుకూరలు మేపి, భాస్వరం లేని కాల్షియం పొడి అద్ది నోటికి అందేటట్లు పట్టాలి. గిన్నెలోని నీరు చాలా ఊసరవెల్లులకు నీరుగా తోచదు. ఆకులమీద చినుకులు చిలకరిస్తేనే నాకి తాగుతాయి. వెచ్చదనం లేనిదే ఆహారం అరగదు కనుక, సుమారు 30 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలే చోటొకటి ఉండాలి.

అతినీలలోహిత దీపం విషయంలో ఒక మెలకువ అవసరం. వెలుగు తగ్గకుండానే దానిలోని ఆ కిరణాలు క్షీణిస్తాయి. చూపుకు దీపం వెలుగుతూనే ఉంటుంది, ప్రాణికి మాత్రం చీకటే. అందువల్ల తయారీదారు చెప్పిన గడువునుబట్టి, సాధారణంగా ఆరు నెలలనుండి ఏడాదిలోగా, కొత్తది అమర్చాలి. ఆడ ఊసరవెల్లి జత లేకున్నా గుడ్లు పెడుతుంది. కాల్షియం వాటికి తరలిపోతుంది గనుక దానిని మరింత కనిపెట్టి చూడాలి.

వారాలు, ఒక్కొక్కప్పుడు నెలలు గడిస్తే గాని ఎముక గట్టిపడదు. ముదిరిన స్థితిలో కొన్ని కోలుకోవు కూడా. కోలుకొన్నవాటికి వంగిన చేతులు చాలావరకు అట్లాగే ఉండిపోతాయి. పట్టు చిక్కినకొద్దీ కొమ్మలను ఒక్కొక్క మెట్టుగా పైకి జరపాలి. వంకర చేతితోనే అది తర్వాతి కొమ్మను తడుముకొంటుంది.