పందికొక్కును గోదురుకప్పయు

రూపమునుబట్టి గుణమును నిర్ణయించుట యెంత పొరపాటో తెలిసికొనగోరువారు రాత్రివేళ వరిపొలపు గట్టునొద్దకు బోయి చూడవలెను. అచ్చట రెండు జంతువులు కానవచ్చును. ఒకటి చిన్నజాతి పందికొక్కు; రెండవది గోదురుకప్ప. రెండును పగలు దాగి రాత్రి సంచరించునవియే. సామ్యమింతటితో సరి.

పందికొక్కు ఉష్ణరక్తము గలది. పిల్లలకు పాలిచ్చి పెంచును. దాని ముందుపండ్లు జీవితాంతము పెరుగుచునే యుండును గనుక నెల్లప్పుడు నేదో కొఱుకుచుండును. గట్టున కలుగులు త్రవ్వి, వరివెన్నులను గోసి లోపల దాచును. ఆ కలుగులగుండ మడినీరును గారిపోవును.

గోదురుకప్ప శీతలరక్తము గలది. దానికి పండ్లే లేవు. జిగటనాలుకను జాచి చీమలను, చెదలను, పురుగులను బట్టి మ్రింగును. నీటిని నోటితో ద్రాగక చర్మముతోనే పీల్చుకొనును. గ్రుడ్లను పొడవైన జిగురుపేటలుగా నీట విడుచును.

ఇట్లుండగా జనులు రాళ్లు రువ్వునది కప్పమీదనే! తాకినచో పులిపిరులు వచ్చునని పెద్దలే పిల్లలకు జెప్పుచున్నారు. చిన్ననాడు మేమును నమ్మి రువ్వినవారమే. మనుష్యులకు పులిపిరులు వైరసువలన వచ్చును గాని కప్పమేని బొడిపెలవలన గాదు. దాని కన్నుల వెనుకనున్న గ్రంథులలో విషము గలదు, అది యాత్మరక్షణార్థమే. తాకినవారు కన్నులను, నోటిని ముట్టక చేతులు గడుగుకొనిన జాలును.

పందికొక్కును మేము దూషింపము. అది తన యాకలి దీర్చుకొనుచున్నది. దానినుండి పంటను గాపాడుకొనుటయు న్యాయమే. కాని మేలుచేయు ప్రాణిని వికారముగా నున్నదని చంపుట యజ్ఞానము. కావున చదువరులారా, మీ బిడ్డలచేతి రాతిని దింపింపుడు. వారిని గట్టునొద్దకు దీసికొనిపోయి కప్ప పురుగును బట్టు విధము జూపుడు.