సెలవులలో ఇంటి చదువు

వేసవి సెలవులు సమీపించినవి. ఏప్రిల్ నడుమ నుండి మే మాసాంతము వరకు బడిగంట మ్రోగదు. పుస్తకముల సంచి గోడకొక్కెమున వ్రేలాడును. అది న్యాయమే. ఏడాది పొడవునను పాఠములతో పెనగులాడిన బాలబాలికలకు విశ్రాంతి కావలెను. బళ్లారి ఎండల సంగతి ఎఱుగనివారెవ్వరు? ప్రొద్దున పదిగంటలు దాటినచో వీథిలో కాలు మోపనీయవు. ఉదయము ఆట, సాయంకాలము ఆట సరియే. నడుమనున్న ఆరేడు గంటల మాటయేమి? ఆ కాలమునంతటిని చేతిఫోను మ్రింగివేయుచున్నదని తల్లులు మాతో మొఱపెట్టుకొనుచున్నారు. అందులో ఒక్క గంటను గూర్చియే మేమిచట ముచ్చటింపదలచితిమి.

మేము చదువుమనుచున్నది పాఠ్యపుస్తకమును కాదని ముందే మనవి చేయుచున్నాము. సెలవులలో సైతము ఎక్కములును, ప్రశ్నోత్తరములును వల్లెవేయించు తల్లిదండ్రులు కలరు. వారి ఆరాటము మేమెఱుగుదుము. కాని మార్కులకై చదువుటకును, కథ ఏమగునో యని ఆతురపడి చదువుటకును గల భేదము, కచేరికి నడచుటకును, కనకదుర్గమ్మ సిడిబండిని చూడ పరుగెత్తుటకును గల భేదము వంటిది. కాళ్లు అవియే, నడక వేఱు.

మన ప్రాంతపు పిల్లల విషయమున ఈ చదువునకు మఱియొక అక్కఱ కలదు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు బళ్లారి జిల్లా రెండుగా చీలినది. ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమున చేరినవి. బళ్లారి తాలూకాను గూర్చిన తగవు మిశ్రా విచారణ వఱకు పోయి, తుదకు అదియు తక్కిన తాలూకాలతోపాటు మైసూరు రాష్ట్రమున కలిసినది. 1973లో ఆ రాష్ట్రమునకు కర్ణాటకమని పేరు వచ్చినది. ఇన్ని మార్పులు జరిగినను మన ఇండ్లలో మాటలాడు భాష మాఱలేదు. అమ్మతో తెలుగు, అంగడిలో కన్నడము, బడిలో ఈ రెండును గాక ఆంగ్లము. మన బాలుడు వీని నడుమ ఈదుచు పెరుగుచున్నాడు. ఇది బరువు కాదు, భాగ్యమే యని మా యభిప్రాయము.

చిక్కు మాటలాడుటలో లేదు, చదువుటలో ఉన్నది. విజయవాడలోని పిల్లవాడు బస్సుమీద, అంగడిపలకమీద, గోడమీది సినిమా ప్రకటనమీద తెలుగు అక్షరములను కోరకయే చదువును. మన పిల్లవాడు గడప దాటినచో కనబడునవి కన్నడాక్షరములు. అవి కనబడవలసినదే, ఇది కన్నడదేశము. కాని బడి మూతపడిన ఆరేడు వారములును వాని కంటికి తెలుగు అక్షరమే సోకకపోవచ్చును. జూన్ మాసమున నాలుగవ తరగతి బాలుని చదువుమనినచో, మార్చిలో గడగడ చదివినవాడు వత్తులవద్ద తడబడుట మా ఉపాధ్యాయులకు ఏటేట కనబడుచునే యున్నది. అమెరికాలో హారిస్ కూపర్ మొదలగువారు 1996లో 39 పరిశోధనలను సమీక్షించి, దీర్ఘమైన వేసవి సెలవుల వలన పిల్లలు సగటున నెలదినముల చదువునకు సమానమైనంత కోల్పోవుచున్నారని చెప్పిరి. ఆ లెక్కను తరువాతి పండితులు కొందఱు శంకించిరి. లెక్క ఎట్లున్నను, ఇంట పుస్తకము లేని పిల్లవానికి నష్టము అధికమనుట ఊహింపరాని విషయము కాదు.

మఱియొక సంగతి. రాజ్యాంగమున 1956లో చేర్చబడిన 350-ఏ అధికరణము అల్పసంఖ్యాక భాషలవారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించుటకు తగిన వసతులు కల్పింప యత్నింపవలెనని ఆదేశించుచున్నది. బడి కొఱకు ఆధారము దొరకినది. కాని ఏ అధికరణమును పిల్లవానిచేత ఇంట పుస్తకము తెఱపింపజాలదు. ఉన్నత పాఠశాల దాటిన పిమ్మట మన పిల్లలలో అనేకులకు తెలుగు పుస్తకము పట్టవలసిన అవసరమే కలుగదు. ఆ లోపల చదువుట ఇష్టముగా మాఱినచో జీవితాంతము నిలుచును. మాఱకున్నచో, తాత వ్రాసిపెట్టిన ఉత్తరమును మనుమడు ఇంకొకరిచేత చదివించుకొనవలసి వచ్చును. అట్టి ఇండ్లు మన నడుమ ఇప్పుడే కలవు.

కొందఱు తండ్రులకు ఒక భయము కలదు. తెలుగు పుస్తకములు చదివినచో కన్నడము, ఆంగ్లము వెనుకబడునట. ఇది సరికాదు. కెనడా దేశపు విద్వాంసుడు జిమ్ కమ్మిన్స్ 1979 నుండి ఈ విషయమును విశదీకరించుచున్నాడు. ఒక భాషలో చక్కగా చదువ నేర్చినవానికి, వాక్యము వెంట పోవుట, తెలియని పదమును సందర్భమును బట్టి ఊహించుట, చదివినదానిని మనసున నిలుపుకొనుట మొదలగు నేర్పులు రెండవ భాషకును ఉపకరించునని వాని సిద్ధాంతము. మన రెండు భాషల విషయమున పని మఱింత సులువు. వేయేండ్ల నాటి శాసనములను చూడుడు. పండితులు ఆ లిపిని తెలుగు-కన్నడ లిపి యనియే పిలుచుచున్నారు. నేటికిని గ, జ, ద, న, బ, ర, ల మొదలగు అక్షరములు రెండింటను దాదాపు ఒక్కతీరుననే యుండును. తలకట్టు వంపు మాత్రము మాఱును. క, త వంటివి వేఱుపడినవి. పిల్లలారా, ఈ సెలవులలో ఒక పని చేయుడు. బజారున కనబడు కన్నడపలకలను ఒక నోటుపుస్తకమున తెలుగు లిపిలో వ్రాసికొనుడు. ఏ అక్షరములు కవలలో, ఏవి దాయాదులో మీకే తెలియును. శ్రీకృష్ణదేవరాయలు కన్నడనాట హంపి రాజధానిగా 1509 నుండి 1529 వఱకు ఏలుచు ఆముక్తమాల్యదను తెలుగున రచించెను. ఆయన శాసనములు తెలుగు, కన్నడ, తమిళ, సంస్కృతములలో కానవచ్చుచున్నవి. ఒక భాష వలన మఱియొకటి చెడునని ఆ ప్రభువు తలపలేదు.

ఇక ఏమి చదువవలెను? ఇచట మా మాట పెద్దలకు కొంత రుచింపకపోవచ్చును. పిల్లవాడు కోరినదే చదువవలెను. చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వెలువడిన గొప్ప గ్రంథము. దాని వచనపు సొగసు మాకును ప్రియమే. కాని దానిని ఐదవ తరగతి బాలుని చేతికిచ్చి, సెలవులలో పూర్తి చేయుమనినచో వాడు పుస్తకములను చూచి పాఱిపోవుట నేర్చుకొనును. ముందు దయ్యముల కథలు, హాస్యకథలు, బొమ్మలకథలు చదువనిండు. పుస్తకము కఠినమా కాదా తెలిసికొనుటకు సులభోపాయమొకటి కలదు. ఒక పుట చదువునప్పుడు తెలియని పదము వచ్చినపుడెల్ల ఒక వ్రేలు ముడువవలెను. పుట ముగియకముందే ఐదు వ్రేళ్లును ముడిచినచో ఆ పుస్తకము వచ్చే ఏటికి దాచవలెను.

మన సరిహద్దు ఇండ్లకు మిక్కిలి అనువైనది ‘చందమామ’. బి. నాగిరెడ్డి, చక్రపాణి గారలు మదరాసున 1947 జూలైలో దీనిని ప్రారంభించిరి. కొడవటిగంటి కుటుంబరావు గారు 1952 నుండి 1980 వఱకు దాని సంపాదకత్వము వహించిరి. కన్నడమునను అదే ‘చందమామ’ అను పేరుతో వెలువడినది. పత్రిక ఇప్పుడు ఆగిపోయినను, పాత సంచికలు అటకలమీది పెట్టెలలోను, పాతపుస్తకముల అంగళ్లలోను దొరకుచునే యున్నవి. వడ్డాది పాపయ్య ముఖచిత్రములు, శంకర్ గీసిన బేతాళుని బొమ్మలు చూచిన పిల్లవాడు లోపలికథ చదువక మానడు. అవ్వకు కన్నడము వచ్చినచో ఆమె కన్నడ సంచిక, మనుమరాలు తెలుగు సంచిక చదివి కథలు మార్చుకొనవచ్చును. క్రొత్త పుస్తకములు కావలసినవారికి, బెంగళూరు నగరమందలి ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో ఏర్పఱచిన స్టోరీవీవర్ అను వేదికలో తెలుగు, కన్నడ కథలు ఉచితముగా లభించును. చేతిఫోను చేసిన అపరాధమునకు అది చేయదగిన ప్రాయశ్చిత్తమిదియే.

బళ్లారి పిల్లలకు మఱియొక చదువు వంశానుగతముగా వచ్చినది. అది నాటకము. ధర్మవరము కృష్ణమాచార్యులు గారు (1853–1912) 1886లో సరసవినోదినీ సభను స్థాపించి ఈ ఊరిలోనే తెలుగు నాటకములాడించిరి. కోలాచలము శ్రీనివాసరావు గారు (1854–1919) సుమనోరమ సభను నడపిరి. కృష్ణమాచార్యుల మేనల్లుడైన బళ్లారి రాఘవ (1880–1946) న్యాయవాదవృత్తి చేయుచునే దేశమెల్ల ఎఱిగిన నటుడయ్యెను. ఆయన పేర వెలసిన కళామందిరము ముందునుండి మీరనేక పర్యాయములు నడచియుందురు. ఆ నాటకములు మీకిప్పుడు కఠినములు. కావున ఇట్లు చేయుడు. నలుగురు చేరి ఒక చిన్నకథను తీసికొని, రాజు మాటలొకరు, మంత్రి మాటలొకరు, కథ చెప్పువాడొకడుగా పంచుకొని పెద్దగా చదువుడు. తెరయు వేషములును అక్కఱలేదు. తెలుగు తడబడు పిల్లవాడుకూడ నక్కమాటలు తనకు వచ్చినపుడు గొంతు మార్చి పదిసార్లు సాధనచేయును. పాఠము నొకసారి చదువుటకు వాడే బద్ధకించును!

ఇప్పుడు మిక్కిలి ముఖ్యమైన విషయము. “మాకు చదువు రాదు, మేమేమి చేయగలము?” అని అడుగు తల్లిదండ్రులు పెక్కురు. జీన్సు కుట్టు షెడ్డులలోను, పొలములలోను పనిచేసి చీకటిపడిన పిమ్మట ఇల్లు చేరువారు వారు. అమ్మా, మీరు చేయవలసినది వినుట మాత్రమే. మీరు రొట్టె తట్టుచుండగా పిల్ల ప్రక్కన కూర్చుండి చదువును. “అటుపిమ్మట ఏమయినది?” అని మీరడిగిన ఒక్క ప్రశ్న పిల్లను మఱి రెండు పుటలు చదివించును. తప్పు చదివినదా, పోనిండు; కథ తెగినపుడు తానే వెనుకకు పోయి దిద్దుకొనును. చదువుకొన్న తల్లిదండ్రులే ఇచట ఎక్కువ చెఱుపు చేయుదురు. ప్రతి ఒత్తును దిద్దుట, కథ ముగియగానే నీతి యేమని నిలదీయుట, సారాంశము వ్రాయుమనుట వారి అలవాటు. నచ్చని పుస్తకమును నడుమ విడిచినచో విడువనిండు. చదివినదానినే పదిసార్లు చదివినచో చదువనిండు. మీ చిన్ననాట ఒక్క కథనే ఎన్నిసార్లు చెప్పుమని మీ అవ్వను వేధించితిరో జ్ఞప్తికి తెచ్చుకొనుడు. గుజరాతులోని భావనగరమున బాలమందిరమును నడపిన గిజుభాయి బధేకా (1885–1939) తన ‘దివాస్వప్న’ మను గ్రంథమున ఒక ఉపాధ్యాయుడు అల్లరి తరగతిని కేవలము కథలు చెప్పి దారికి తెచ్చుకొనిన విధమును వర్ణించెను. ‘పగటికల’ యను పేర అది తెలుగున లభించును. తీరికగల తండ్రులు దీనిని తామే చదువుట మేలు.

పుస్తకములు కొనుటకు అందఱికిని శక్తి యుండదు. కర్ణాటక ప్రభుత్వము 2020లో ‘ఓదువ బెళకు’ అను కార్యక్రమము క్రింద గ్రామపంచాయతి గ్రంథాలయములలో 6 మొదలు 18 ఏండ్లలోపు పిల్లలకు ఉచితసభ్యత్వము కల్పించినది. అచట కన్నడ పుస్తకములే విశేషముగా నుండుట సహజము. మన పిల్లలు వానిని చదివినను మాకు సంతోషమే. తెలుగు పుస్తకముల కొఱకు ఇంకొక ఉపాయము. 1935లో గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణము గారు పడవలో పుస్తకములు నింపి కాలువ వెంట పల్లెలకు త్రిప్పిరి. మన తుంగభద్ర కాలువలో పడవలు లేవు గాని సంచులకు కొదువలేదు. ఒక వీథిలోని ఐదిండ్లవారు ఇంటికి మూడేసి చొప్పున పుస్తకములు సంచిలో వేసి, వారమునకొక యింట నుంచినచో వేసవియంతయు గడచును. గుంతకల్లు, ఆదోని, రాయదుర్గములలోని చుట్టముల యిండ్లకు పోవు పిల్లలు తిరిగివచ్చునపుడు మిఠాయి పొట్లముతోపాటు ఒక పుస్తకమును తెచ్చుట మఱువరాదు.

బడి తెఱచిన మొదటి వారమున ప్రతి తరగతిలోను ఒక గంట విడిగా ఉంచబడును. తాను చదివిన పుస్తకమును తెచ్చి దానిని గూర్చి ఐదు నిమిషములు తోటివారికి చెప్పవచ్చును. నచ్చిన పుస్తకమే కానక్కఱలేదు. ఏల నచ్చలేదో చెప్పినను వినెదము. దీనికి మార్కులు లేవు. పేర్లు ముందుగా ఇయ్యనక్కఱలేదు.